వారం జీతం తారలు

మా ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తల్లో రాత్రి తొమ్మిది అంటే నాకు మహా చిరాకు. అప్పటిదాకా కార్టూన్ నెట్‌వర్క్‌లో పిల్లీ ఎలుకా తరుముకుంటూ ఉండేవి. తొమ్మిది కాగానే అదే చానెల్ టీఎన్‌టీగా మారిపోయేది. ఒక సింహం తెర మీదికొచ్చి గర్జించేది. ఇక ఆ తర్వాత అంతా నలుపూ తెలుపూ. టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, కనుబొమలు సన్నగా దిద్దుకున్న ఆడవాళ్ళు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఇంగ్లీషు. చానెల్ మారుద్దామంటే రిమోట్ మా బాబాయ్ లుంగీ మడతలో ఉండేది. కుర్రతనంలో సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో ఇంగ్లీషు సినిమాలు తెగ చూసిన మనిషాయన. గుంటూరు వచ్చి పడ్డాక ఆ భాగ్యం పోయింది. అందుకని ఆ సింహాన్ని చూస్తే ఆయనకి ఎన్నాళ్ళకో ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టుండేది.

అలా ఇష్టం లేకుండానే, పన్నెండేళ్ళకే, జేమ్స్ స్టీవర్ట్‌ని, బెట్టీ డేవిస్‌ని, క్లార్క్ గేబుల్‌ని చూసేశాను. సగం డైలాగులు అర్థమయ్యేవి కావు. మొహాలు మాత్రం అతుక్కుపోయాయి.

ఇప్పుడు బాబాయ్‌కి డెబ్బై. నాకు నలభై రెండు, అంటే ‘కాసాబ్లాంకా’ తీస్తున్నప్పుడు హంఫ్రీ బోగార్ట్ వయసు. (ఆ వయసుకి ఆయన లోకాన్నంతా చూసి విసిగిపోయినవాడిలా కనిపిస్తాడు. నేను ఈఎంఐలు కట్టి విసిగిపోయినవాడిలా కనిపిస్తాను.) బాబాయ్ ఓటీటీలో ఏ కొత్త హాలీవుడ్ సినిమా చూసినా మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ వస్తుంది. ‘ఒరే, వీళ్ళు నటులేమిట్రా? ఒక్కడి మొహమైనా రేపటికి గుర్తుంటుందా?’ చాలా ఏళ్ళు నేనూ ఊఁ కొడుతూ వచ్చాను. ఈ మధ్యే ఎదురు చెప్పడం మొదలుపెట్టాను.

ఎదురు చెప్పడానికి కారణం, మొన్నొక సెలవు రోజు వరసగా చూసిన రెండు సినిమాలు. ఒకటి 1940లో లూబిష్ తీసిన ‘ద షాప్ అరౌండ్ ద కార్నర్’, జేమ్స్ స్టీవర్ట్, మార్గరెట్ సలవన్‌లది. రెండోది 1998లో నోరా ఎఫ్రాన్ తీసిన ‘యూ హావ్ గాట్ మెయిల్’, టామ్ హాంక్స్, మెగ్ రయన్‌లది. రెండోది మొదటిదానికి రీమేక్. కథ ఒకటే: ఎదురుపడితే పడని ఇద్దరు, ఎవరికి రాస్తున్నారో తెలియకుండా ఉత్తరాల్లో ప్రేమించుకుంటూ ఉంటారు. హాంక్స్‌ని ఈ తరం స్టీవర్ట్ అని ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు. స్టీవర్ట్‌కి ఆస్కార్ వచ్చింది ‘ద ఫిలడెల్ఫియా స్టోరీ’కి, హాంక్స్‌కి మొదటి ఆస్కార్ వచ్చింది ‘ఫిలడెల్ఫియా’కి. ఆ ఊళ్ళో ఏదో ఉంది. పాత నటుణ్ణీ కొత్త నటుణ్ణీ ఒకే తక్కెట్లో వేసి చూడాలంటే ఇంతకంటే మంచి జత దొరకదు.

రెండింట్లోనూ ఒక కఫే సీను ఉంది. ఉత్తరాలు రాసే అమ్మాయి బల్ల మీద పుస్తకం, పువ్వు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. హీరో బయట నిలబడి, లోపలికి చూసే ధైర్యం చాలక, పక్కనున్న స్నేహితుణ్ణి అద్దంలోంచి తొంగిచూడమంటాడు. ఆ స్నేహితుడు చెప్పేదాన్నిబట్టి లోపలున్నది ఎవరో అతనికి తెలిసిపోతుంది. తర్వాత ఏమీ తెలియనట్టు వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంటాడు. మాటా మాటా పెరుగుతుంది. చివరికి ఆమె అనే మాటతో అతను లేచి వెళ్ళిపోతాడు. పాత సినిమాలో ఆమె అనేది, నువ్వు లెక్కలోకి రాని గుమాస్తావి అని. కొత్తదాంట్లో, నువ్వు ఉత్త సూటువి తప్ప మనిషివి కాదు అని.

మొదటిసారి చూసినప్పుడు స్టీవర్ట్ మొహంలో కనిపించిన దెబ్బ హాంక్స్ మొహంలో కనిపించలేదు. ఇంకేముంది, బాబాయే రైటు అనుకున్నాను. మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. హాంక్స్ తక్కువేం చేయలేదు. నవ్వు మొహం మీదే ఉండి కళ్ళు మాత్రం ఆరిపోయే ఆ అరక్షణం చాలా కష్టమైన పని. తేడా వేరేచోట ఉంది. స్టీవర్ట్ వేసిన క్రాలిక్ తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న కొట్లోంచి ఆ రోజే ఉద్యోగం ఊడి వచ్చాడు. బుడాపెస్ట్‌లో చలికాలం, క్రిస్మస్ దగ్గరికొస్తోంది, ఇంకో కొలువు దొరుకుతుందో లేదో తెలియదు. సరిగ్గా ఆ రాత్రి, ప్రేమించిన మనిషి నోటి నుంచే గుమాస్తా అనిపించుకున్నాడు. ఆ గుమాస్తా పని కూడా ఇప్పుడు లేదని ఆమెకి తెలియదు, మనకి తెలుసు. స్టీవర్ట్ పెద్దగా ఏమీ చేయనక్కర్లేదు, చేయడు కూడా. హాంక్స్ వేసిన మనిషి పెద్ద పుస్తకాల షాపుల గొలుసుకి వారసుడు. ఆమె చిన్న దుకాణాన్ని మూయించబోతున్నది అతనే. ఆమె ఏమన్నా మనసు చివుక్కుమంటుందేమో గానీ, రేపటి కూడు పోదు. మనం స్టీవర్ట్ ఖాతాలో వేస్తున్న మార్కుల్లో సగం స్క్రిప్టు రాసినవాళ్ళవి.

అదే పాత సినిమాలో ఇంకో షాట్ ఉంది. పోస్టాఫీసులో వరసగా గూళ్ళు. కెమెరా గూటికి అవతల, లోపలివైపు ఉంటుంది. గ్లవ్స్ తొడుక్కున్న సలవన్ చెయ్యి లోపలికి వచ్చి ఉత్తరం కోసం తడుముతుంది. ఏమీ తగలదు. చెయ్యి వెనక్కి పోతుంది. ఆ చదరపు కంతలో ఆమె మొహం కనిపిస్తుంది. నిజంగానే ఖాళీయా అని చూస్తుంది. అంతే. కన్నీళ్ళు లేవు, డైలాగు లేదు. వేళ్ళతో ఆ ఖాళీని తడమడం ఒక మంచి నటి చేసిన పని. కెమెరాని గూటి వెనక పెట్టాలని తోచడం లూబిష్ చేసిన పని. ఈ రెండూ ఒకచోట కలవడానికి కావలసింది ఇంకొకటి ఉంది, బాబాయ్ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోనిది: పని దినాలు.

సలవన్, స్టీవర్ట్ హాలీవుడ్‌కి రాకముందే నాటకాల రోజుల నుంచి స్నేహితులు. ఇద్దరూ కలిసి నాలుగు సినిమాలు చేశారు, అందులో రెండు 1940 ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. వాళ్ళ కొట్టు యజమానిగా వేసిన ఫ్రాంక్ మోర్గాన్ ఆ రెండో సినిమాలోనూ ఉన్నాడు. 1939లో స్టీవర్ట్‌వి ఐదు సినిమాలు విడుదలయ్యాయి, బోగార్ట్‌వి ఏడు. 1931లో గేబుల్‌వి పన్నెండు. పన్నెండు! మనకి ఏడాదికి ఒక సినిమా ఇస్తేనే గొప్పగా చెప్పుకునే హీరోలు ఈ అంకె ఒకసారి చదువుకోవాలి. అన్నీ మంచి సినిమాలేం కావు. కానీ వారానికి ఆరు రోజులు కెమెరా ముందు నిలబడే మనిషికి, లైటు ఎటు ఉందో, ఎంత చిన్నగా కదిలితే చాలో, డైలాగు ఎక్కడ మింగాలో ఒంట్లోకి ఇంకిపోతుంది. రోజూ చేసే పెసరట్టుకీ పండక్కి చేసే పెసరట్టుకీ తేడా తినేవాడికి తెలుస్తుంది కదా.

ఈ పని దినాలు వాళ్ళకి ఎలా దొరికాయంటే, వాళ్ళు ఉద్యోగులు గనక. ఎంజీఎం, వార్నర్ బ్రదర్స్, పారమౌంట్, ఫాక్స్, ఆర్‌కేవో లాంటి స్టూడియోల్లో వారం జీతం మీద పనిచేసేవాళ్ళు. మద్రాసులో విజయా వాళ్ళు నటుల్ని నెల జీతం మీద పెట్టుకున్నట్టే, కాకపోతే అక్కడ అదొక పెద్ద కర్మాగారం. మామూలు కాంట్రాక్టు ఏడేళ్ళది. మధ్యమధ్యలో వద్దనుకుని పంపించేసే హక్కు స్టూడియోకి ఉండేది, వెళ్ళిపోయే హక్కు నటుడికి ఉండేది కాదు. ఇచ్చిన వేషం వద్దంటే సస్పెన్షన్, జీతం బందు. ఆ సస్పెన్షన్ రోజుల్ని కూడా తీసుకెళ్ళి కాంట్రాక్టు చివర కలిపేవాళ్ళు. అవసరమైతే పక్క స్టూడియోకి అరువిచ్చేవాళ్ళు, పెళ్ళికి పందిరి గుంజలు ఇచ్చినట్టు. ఎంజీఎం గేబుల్‌ని అలాగే కొలంబియాకి అరువిచ్చింది. ఆ అరువు సినిమా ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’, దానికే ఆయనకి ఆస్కార్ వచ్చింది.

పేరు కూడా స్టూడియోదే. ఆర్చిబాల్డ్ లీచ్ కేరీ గ్రాంట్ అయ్యాడు. ఫ్రాన్సెస్ గమ్ మాత్రం స్టూడియోకి రాకముందే జూడీ గార్లండ్ అయింది. లూసిల్ లెస్యూర్ అనే అమ్మాయికి పేరు పెట్టమని పత్రికలో పోటీ పెట్టి జోన్ క్రాఫర్డ్ అని ఖాయం చేశారు. మార్గరీటా కాన్సీనో రీటా హేవర్త్ అవడానికి పేరు మారిస్తే సరిపోలేదు, నుదురు వెడల్పుగా కనిపించాలని కరెంటుతో వెంట్రుకల కుదుళ్ళు తీయించారు. ఇదంతా చదివాక ‘ఆ రోజుల్లో తారల అందమే వేరు’ అనే మాట నా నోట రావడం మానేసింది.

ఈ కర్మాగారాన్ని కోర్టుకి లాగిన మనిషి ఒలీవియా డి హావిలాండ్. అంతకుముందు 1936లో బెట్టీ డేవిస్ ఇంగ్లండ్ కోర్టులో వార్నర్ బ్రదర్స్‌తో పోరాడి ఓడిపోయింది. డి హావిలాండ్ ఏడేళ్ళు 1943లో నిండాయి. సస్పెన్షన్ రోజులు ఇంకా బాకీ ఉన్నావంది అదే స్టూడియో. ఆమె కేసు వేసింది. ఏడేళ్ళంటే క్యాలెండర్ ఏడేళ్ళే అని కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు 1944లో తీర్పిచ్చింది. కేసు నడిచినన్నాళ్ళూ ఆమెకి పని లేదు. తిరిగొచ్చి, 1946, 1949 సినిమాలకి రెండు ఆస్కార్లు పట్టుకుపోయింది. ‘గాన్ విత్ ద విండ్’లో మెలనీ అనగానే మెత్తని మనిషి అనుకుంటాం. ఆ మెత్తదనం వెనక ఇంత మొండితనం ఉందని తెలిశాక ఆ పాత్రే నాకు వేరేలా కనిపిస్తోంది.

అదే సినిమాకి సహాయ నటిగా ఆస్కార్ అందుకున్న హ్యాటీ మెక్‌డానియెల్‌ని, నల్లజాతి మనిషి కాబట్టి, అవార్డుల రాత్రి అందరితో కాకుండా గోడవారగా విడి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చైనా మూలాలున్న ఆనా మే వాంగ్‌ని పక్కనపెట్టి, ‘ద గుడ్ ఎర్త్’లో చైనా రైతు భార్య వేషం జర్మన్ నటి లూయీజ్ రైనర్‌కి ఇచ్చారు. దానికి రైనర్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్ తన భారతీయ రక్తాన్ని బతికినన్నాళ్ళూ దాచి, టాస్మేనియాలో పుట్టానని చెప్పుకుంది. ఆ రోజుల నటులే గొప్ప అనేముందు, ఆ పోటీలోకి ఎవర్ని రానిచ్చారో కూడా చూడాలి. 2023 మార్చిలో ‘నాటు నాటు’ కోసం మనమంతా తెల్లారగట్లే లేచి టీవీల ముందు కూర్చున్నాం కదా, అదే వేదిక మీద మిషెల్ యో ఉత్తమ నటి అయింది. అరవయ్యేళ్ళ ఆసియా ఆడమనిషి, కథానాయిక. 1940లో ఆ వేషం రాసేవాళ్ళే లేరు.

మరి ఇప్పటివాళ్ళ సంగతి? 1948లో అమెరికా సుప్రీంకోర్టు, సినిమాలు తీసే స్టూడియోలు సొంత థియేటర్లు పెట్టుకోవడం కుదరదన్న తీర్పు ఇచ్చాక కర్మాగారం బీటలు వారింది. వారం జీతాలు పోయాయి. 1950లో ‘వించెస్టర్ 73’కి పారితోషికం బదులు లాభాల్లో వాటా తీసుకుని కొత్త దారి చూపించినవాడు మళ్ళీ మన స్టీవర్టే. ఇప్పుడు హాలీవుడ్ నటుడంటే ఒక చిన్న కంపెనీ. ఏజెంటు, మేనేజరు, లాయరు ఉంటారు. డబ్బు ఉంది, వద్దనే హక్కు ఉంది. లేనిది ఆ రోజువారీ సాధన. ఒక పెద్ద సినిమాకే ఏడాది పోతుంది. అందులోనూ పచ్చ తెర ముందు, ఎదుట లేని శత్రువుని చూసి భయపడుతూ నెలలు నెలలు. అది తేలికని నేననను. ఎదురుగా సలవన్ ఉంటే నటించడం ఎవరికైనా సులువే. ఆ శత్రువు ఉండాల్సిన చోట, చూపు నిలపడానికి కర్రకి గుచ్చిన టెన్నిస్ బంతి ఉంటే?

విచిత్రం ఏమిటంటే ఆ ఏడేళ్ళ కాంట్రాక్టు పూర్తిగా చావలేదు, వేషం మార్చుకుంది. కెప్టెన్ అమెరికాకి క్రిస్ ఎవాన్స్‌తో మార్వెల్ ఆరు సినిమాల ఒప్పందం చేసుకుంది. రాబర్ట్ డౌనీ జూనియర్ 2008 నుంచి 2019 దాకా ఐరన్ మ్యాన్ చొక్కా విప్పలేదు. పాత స్టూడియో మనిషిని కొనుక్కుని వేషాలు మార్చేది. ఇప్పటి స్టూడియో వేషాన్ని కొనుక్కుని మనుషుల్ని మారుస్తోంది. స్పైడర్ మ్యాన్‌గా టోబీ మగ్వైర్ వెళ్ళి ఆండ్రూ గార్‌ఫీల్డ్ వచ్చాడు, అతను వెళ్ళి టామ్ హాలండ్ వచ్చాడు, 2021లో ముగ్గుర్నీ ఒకే సినిమాలో నిలబెడితే హాళ్ళలో ఈలలు. కాసాబ్లాంకాలో రిక్ వేషానికి ముగ్గురు బోగార్ట్‌లని ఊహించండి. మొహాలు గుర్తుండట్లేదని బాబాయ్ అనేది నిజమే, కానీ నింద వెయ్యాల్సింది ఆ మొహాల మీద కాదు. గుర్తుండాల్సింది మాస్కే అని వ్యాపారం తేల్చేసింది.

ఆ తరం సాధన దొరికే చోటు ఇప్పుడూ ఒకటుంది, టీవీ సీరీస్. ‘బ్రేకింగ్ బ్యాడ్’లో బ్రయాన్ క్రాన్‌స్టన్ 62 ఎపిసోడ్లపాటు ఒకే మనిషిని కొంచెం కొంచెంగా కుళ్ళబెట్టాడు. గేబుల్‌కి గానీ స్టీవర్ట్‌కి గానీ అంత నిడివి ఎప్పుడూ చిక్కలేదు. చిక్కితే ఏం చేసేవాళ్ళో అని నాకు నిజంగా ఆశ.

ఒక్క విషయంలో మాత్రం నేను పాతవాళ్ళ పక్షమే. వేషం వెనక మాయమైపోవడమే నటన అని ఇప్పుడు అందరం నమ్మేశాం. బరువు పెరగాలి, ముక్కు మార్చుకోవాలి, యాస నేర్చుకోవాలి. కేట్ బ్లాంచెట్‌కి ‘ది ఏవియేటర్’లో క్యాథరీన్ హెప్‌బర్న్‌గా వేసినందుకు ఆస్కార్ వచ్చింది. రెనే జెల్వెగర్‌కి జూడీ గార్లండ్‌గా వేసినందుకు వచ్చింది. ఇక్కడ కీర్తి సురేష్‌కి సావిత్రిగా వేసినందుకు జాతీయ అవార్డు వచ్చినట్టు. ముగ్గురూ బాగా చేశారు, కాదనను. కానీ జూడీకి చిన్నప్పుడు బాలనటిగా ఇచ్చిన ప్రత్యేక అవార్డు తప్ప పోటీలో ఒక్క ఆస్కారూ రాలేదు. 1954లో ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’కి కూడా ఇవ్వలేదు. జూడీలా ఉన్నందుకు వేరే మనిషికి వచ్చింది, జూడీగా ఉన్నందుకు జూడీకి రాలేదు. కేరీ గ్రాంట్‌కీ అంతే, రిటైరయ్యాక 1970లో ఒక గౌరవ ఆస్కార్ చేతిలో పెట్టారు. ముప్ఫై ఏళ్ళు ఒకే మనిషిలా కనిపిస్తూ, ప్రతి సినిమాలో ఆ మనిషికి ఇంకో గది ఉందని చూపించడం చిన్న విద్యేమీ కాదు. ఆ విద్యని ఇప్పుడు ‘తనని తాను రిపీట్ చేసుకుంటున్నాడు’ అని కొట్టిపారేస్తున్నాం. ఇప్పటివాళ్ళలో ఆ పని చేసేవాడు టామ్ క్రూజ్ కనిపిస్తాడు. ఆయన్ని నటుడని ఎవరూ మెచ్చుకోరు, విమానం మీంచి దూకాడనే మెచ్చుకుంటారు.

ఇదంతా బాబాయ్‌కి ఫోన్లో ఓ అరగంట చెప్పాను. అంతా విని, ‘అయితే ఏమిట్రా, గేబుల్ గుమాస్తా అంటావా?’ అన్నాడు.

‘అవును బాబాయ్. వారం జీతం.’

కాసేపు ఏం మాట్లాడలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి ఆయన. తర్వాత, ‘అందుకేనేమో నాకు అంత నచ్చాడు’ అని, అంతలోనే గొంతు సవరించుకుని, ‘అయినా అప్పటివాళ్ళు ఒక్క చెత్త సినిమా చేసుంటే చూపించరా’ అన్నాడు.

ఇక్కడ దొరికాడు. టీఎన్‌టీలో ఆ సినిమాలే ఎందుకొచ్చేవంటే, దాని యజమాని టెడ్ టర్నర్ 1986లో ఎంజీఎం పాత సినిమాల గిడ్డంగి మొత్తం కొనేశాడు, వార్నర్ పాత సినిమాలు కూడా అందులోనే కలిసి వచ్చాయి. అంత గిడ్డంగిలోంచి జల్లెడ పట్టి రాత్రి తొమ్మిదికి వేసినవే బాబాయ్ చూశాడు. జల్లెడలో మిగిలిపోయినవి చూడలేదు. బోగార్ట్ 1939 నాటి ఏడు సినిమాల్లో ‘ద రిటర్న్ ఆఫ్ డాక్టర్ ఎక్స్’ అని ఒకటుంది. అందులో ఆయన చచ్చి బతికిన డాక్టరు. పాలిపోయిన మొహం, జుట్టులో తెల్లటి పాయ, ముక్కుమీద చిన్న కళ్ళజోడు, చేతిలో కుందేలు. దాన్ని నిమురుతూ తెర మీదికొస్తాడు. వారం జీతం కదా, వేయక తప్పలేదు. మూడేళ్ళు తిరక్కుండా అదే మనిషి కాసాబ్లాంకాలో రిక్.

లింకు పంపించాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ రాలేదు. మధ్యాహ్నం వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: ‘కుందేలు బాగా చేసింది.’